కారు కొనే ముందు జీతం లెక్క చూడాలి

ఉద్యోగం వచ్చి ఏడాది తిరగకముందే కారు కొనాలన్న తొందర శ్రీకాకుళం జిల్లాలోని చదువుకున్న యువతలో బాగా పెరిగింది. 2025 మెగా డీఎస్సీలో ఎంపికై బడుల్లో చేరిన ఉపాధ్యాయులు, బ్యాంకుల్లో కుదిరిన కుర్రవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు షోరూముల మెట్లెక్కుతున్నారు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ధర తగ్గింది కదా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడన్న మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తోంది.

కారు కొనడం తప్పని ఎవరూ అనరు. బస్సు వేళకు రాని దారుల్లో రోజూ బడికి వెళ్లివచ్చే పంతులమ్మకు, అర్ధరాత్రి ముసలి తండ్రిని శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకురావలసిన కొడుకుకు అది అవసరమే. విచారించవలసిన సంగతి వేరే ఉంది. గేదెను కొనేటప్పుడు పళ్లు చూస్తారు, రెండు పూటలా పాలు పితికించి చూస్తారు, ఊళ్లో నలుగురిని అడుగుతారు. దానికి పదింతల ఖరీదు చేసే కారును మాత్రం రంగు చూసి, నెల వాయిదా ఎంతో అడిగి, ఒక్క పూటలో సంతకం పెట్టి వస్తున్నారు.

బోర్డు మీద ధర వేరు, చెల్లించేది వేరు

షోరూములో చెప్పే ఆరు లక్షలు కారు అసలు ధర మాత్రమే. దానిమీద లైఫ్ టాక్స్ పదోవంతుకు మించి ఉంటుంది. రిజిస్ట్రేషన్ రుసుము, బీమా కలుస్తాయి. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉంది. ఇవన్నీ కలిసేసరికి ఆరు లక్షల కారు ఏడు లక్షలు దాటుతుంది. సీటు కవర్లు, అదనపు వారంటీ, హ్యాండ్లింగ్ చార్జీ అంటూ మరికొన్ని అంకెలు బిల్లులోకి వస్తాయి. ఏది చట్టప్రకారం కట్టవలసినది, ఏది అక్కరలేనిది అని ఒక్కొక్క పద్దు మీద వేలు పెట్టి అడగాలి. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నియమం ఏదీ లేదు. బయట రెండు కంపెనీల ధర తెలుసుకుని వెళితే బేరానికి బలం ఉంటుంది.

రెండు లక్షలు చేతి నుంచి పెట్టి, ఐదు లక్షలు 9 శాతం వడ్డీకి అప్పు తీసుకున్న ఉద్యోగి లెక్క చూడండి. ఐదేళ్ల గడువైతే నెలకు సుమారు 10,380 రూపాయలు. ఏడేళ్లయితే సుమారు 8,045. రెండో అంకె చిన్నదిగా కనిపిస్తుంది గనుక చాలామంది దానికే తలూపుతున్నారు. కాని ఐదేళ్లలో వడ్డీ 1 లక్షా 23 వేలు కాగా, ఏడేళ్లలో 1 లక్షా 76 వేలు అవుతుంది. ఏడో ఏట వాయిదా కడుతుండగానే బండి పాతబడి, మరమ్మతు ఖర్చు కూడా మొదలవుతుంది.

ఇక పెట్రోలు సంగతి. రానుపోను 80 కిలోమీటర్ల చొప్పున నెలకు 22 రోజులు తిరిగితే 1,760 కిలోమీటర్లు. లీటరుకు 18 కిలోమీటర్లు వచ్చినా 98 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయలు వేసుకుంటే పదివేల ఏడువందలు దాటుతుంది. బీమా, సర్వీసు, టైర్లకు నెలకు రెండు వేలైనా పక్కన పెట్టాలి. అన్నీ కలిపితే నెలకు 23 వేలు. చేతికి 40 వేలు వచ్చే ఉద్యోగి జీతంలో సగానికి మించి కారే తినేస్తుంది. ఇంటి అద్దె, తమ్ముడి చదువు, చెల్లెలి పెళ్లి, తండ్రి వ్యవసాయ పెట్టుబడి మిగిలిన దానిలోనే జరగాలి. జరగనప్పుడు తల్లి మెడలోని గొలుసు బ్యాంకు లాకరుకు చేరుతోంది. కారు వాయిదాకు బంగారం కుదువ పెట్టడం కొత్త అప్పుతో పాత అప్పు తీర్చడమే.

వాయిదా, పెట్రోలు, బీమా, మరమ్మతు అన్నీ కలిసి చేతికొచ్చే జీతంలో మూడోవంతు దాటకుండా చూసుకోవాలి. దాటితే ఆ కారు ఆ జీతానికి పెద్దదన్నమాట.

ఫ్లాట్ వడ్డీతో జాగ్రత్త

కొన్ని ఫైనాన్సు కంపెనీల ఏజెంట్లు 8 శాతం ఫ్లాట్ వడ్డీ అని చెబుతారు. బ్యాంకు 9 శాతం కన్నా ఇదే చవక అనిపిస్తుంది. ఫ్లాట్ అంటే తీర్చిన అసలును తగ్గించకుండా, మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదనే చివరి వరకు వడ్డీ వేయడం. ఐదు లక్షలకు ఐదేళ్లకు రెండు లక్షల వడ్డీ, నెలకు 11,667 రూపాయల వాయిదా. బ్యాంకు పద్ధతిలో లెక్కగడితే ఇది 14 శాతం వడ్డీకి సమానం.

దీనికి విరుగుడు ఉంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులన్నిటికీ, అన్ని ఖర్చులు కలిపిన ఏడాది వడ్డీ శాతం చూపే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. దానిని తెలుగులో అడిగి తీసుకోవడం హక్కు. ఇవ్వని చోట సంతకం పెట్టకుండా లేచి రావడమే మంచిది. ముందుగా అప్పు తీర్చేస్తే రుసుము ఎంతో కూడా అప్పుడే అడగాలి.

ఏ కారు నమ్మదగినది?

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ముప్పయ్యేళ్లపాటు జనం దానిని నమ్మడానికి పెద్ద కారణం, చిన్న పట్నాల్లో కూడా దాని విడిభాగం దొరకడం, దానిని విప్పి బిగించగల మెకానిక్కు ఉండడం. ఇవాళ్టికీ చూడవలసింది అదే. తెర ఎంత పెద్దది, పైకప్పు తెరుచుకుంటుందా అన్నవి తరువాతి మాటలు. టెక్కలి, పలాస, నరసన్నపేట మెకానిక్కులను ముగ్గురిని అడగాలి. అద్దెకార్లు నడిపేవారు లక్షల కిలోమీటర్లు ఏ బండి మీద తిరుగుతున్నారో గమనించాలి. మార్కెట్లోకి వచ్చి రెండు మూడేళ్లయినా కాని మోడలు జోలికి పోకపోవడం మేలు.

తక్కువ దూరాలు తిరిగేవారికి డీజిలు కారు వద్దు. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్ 6 డీజిలు కార్లలో పొగ మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. రోడ్డెక్కి కొంతసేపు వేగంగా నడిస్తేనే అది శుభ్రపడుతుంది. ఊరికీ మండల కేంద్రానికీ మధ్య తిరిగితే మూసుకుపోతుంది, దాని మరమ్మతు ఖరీదైనది. భద్రత విషయంలో 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఆ కారుకు ఎన్ని చుక్కలు వచ్చాయో అడగాలి. జాతీయ రహదారి మీద రోజూ లారీల మధ్య నడిపేవారు దీనిని తేలికగా తీసుకోరాదు.

పాత కారు తప్పు కాదు

నాలుగైదేళ్లు వాడిన మంచి కారు కొత్త ఉద్యోగికి సరైన మొదటి కారు. మూడు లక్షల కారుకు లక్షా ఇరవై వేలు చేతి నుంచి పెట్టి, మిగిలినది 12 శాతానికి మూడేళ్ల అప్పు తీసుకున్నా నెలకు ఆరువేలు దాటదు. పెట్రోలు ఖర్చు మాత్రం తగ్గదు గనుక, రోజూ దూరం తిరిగేవారు జంక్షను వరకు బైకు, అక్కడి నుంచి బస్సు అన్న పద్ధతి వదలకుండా, అవసరమైన రోజునే కారు తీయాలి.

పాత కారుకు చూపు ఎక్కువ కావాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు నీటిలో నానాయి. అలాంటి బండిని తుడిచి అమ్మితే పైకి తెలియదు. సీటు బెల్టును చివరివరకు లాగి బురద మరకలు చూడాలి. సీట్ల కింది పట్టాల మీద తుప్పు, తివాచీ కింద మట్టి, ముక్క వాసన ఉంటే వెనుదిరగాలి. టైరు మీద ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. మీటరులో కిలోమీటర్లను సర్వీసు పుస్తకంతో సరిపోల్చాలి. నమ్మకమైన మెకానిక్కుకు వెయ్యి రూపాయలిచ్చి వెంట తీసుకువెళ్లడం దండగ కాదు.

సరిహద్దు మండలాల్లో ఒడిశా నంబరు కార్లు చవకగా వస్తాయి. అక్కడి రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. అవి కలిపితే ఆ చవక చాలావరకు ఎగిరిపోతుంది. ఆర్‌సీ మీద బ్యాంకు అప్పు ఉందేమో చూడాలి. ఉంటే బ్యాంకు పత్రంతో పాటు ఫారం 35 కావాలి. పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 అవసరం. అమ్మినవారూ ఊరుకోరాదు. కారు చేతులు మారినా ఆర్‌సీలో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పాత యజమానే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అద్దెకు తిప్పితే వాయిదా వస్తుందా?

వాయిదా డబ్బు కోసం సెలవు రోజుల్లో సొంత కారును పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు కిరాయికి పంపాలని కొందరి ఆలోచన. తెల్ల నంబరు ప్లేటు కారును కిరాయికి తిప్పడం పర్మిటు నిబంధనలకు విరుద్ధం. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ డబ్బు ఎగ్గొట్టడానికి అదే కారణమవుతుంది. వాయిదా కోసం చేసిన పని ఇల్లు అమ్ముకునే దాకా తీసుకురావచ్చు.

ఈ విషయంలో పెద్దల బాధ్యత కూడా ఉంది. ఉద్యోగం వచ్చిన కుర్రవాడిని చూడగానే కారు ఎప్పుడని అడిగేది వారే. కట్నంగా కారు అడిగేవారు, ఇచ్చేవారు కూడా వారే. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ 1961 నుంచీ నేరమే. ఆ కారు వచ్చినా దానిలో పెట్రోలు పోయవలసింది కుర్రవాడి జీతమే. షోరూముల వారు అన్ని ఖర్చులు కలిపిన మొత్తం ధరను తెలుగులో బోర్డు మీద రాయాలి. బ్యాంకు మేనేజర్లు ఐదేళ్ల లెక్కను, ఏడేళ్ల లెక్కను పక్కపక్కన పెట్టి చూపాలి. కొనదలచిన యువకులు ఆరు నెలలపాటు, వాయిదా కడుతున్నట్టుగానే ఆ సొమ్మును ప్రతి నెలా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసి చూడాలి. ఇల్లు ఇబ్బంది లేకుండా గడిస్తే ధైర్యంగా కొనవచ్చు. గడవకపోతే, కూడిన సొమ్ము చేతిలోనే ఉంటుంది.