దువ్వెన దగ్గరే ఆగిపోయిన పాఠం

స్థిరవిద్యుత్ అనగానే మన పిల్లలకు దువ్వెన, కాగితం ముక్కలే గుర్తొస్తాయి. పాఠం అక్కడ మొదలవడంలో తప్పేమీ లేదు, అక్కడే ఆగిపోవడం తప్పు. ఇంట్లో రోజూ పాలు తోడుకోవడం వెనకా ఉన్నది ఆ స్థిరవిద్యుత్ బలమే. పాలలో కేసిన్ అనే ప్రొటీన్ కంటికి కనబడని ఉండలుగా తేలుతుంటుంది. వాటి మీది ఋణావేశం వాటిని ఒకదాన్నొకటి అంటుకోనివ్వదు. తోడులోని సూక్ష్మజీవులు పులుపు పెంచేకొద్దీ ఆ ఆవేశం తరిగి, పీహెచ్ 4.6 దగ్గర దాదాపు లేకుండా పోతుంది. ఇక నెట్టుకునేదేమీ లేక ఉండలన్నీ పేరుకుంటాయి, గడ్డపెరుగు అవుతుంది. వరదరోజుల్లో గోదావరి ఎర్రనీళ్ల బిందెలో పటిక తిప్పితే మట్టి అడుగుకు దిగడంలోనూ ఇదే కిటుకు.

ఈ బలం మన ఒంట్లోనూ పనిచేస్తుంది. ఒంట్లో ఉన్నది ఉప్పునీరు కదా, అందులో విద్యుత్ బలం ఎంతదూరం పోతుందని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నీరు ఆ బలాన్ని 80వ వంతుకు తగ్గిస్తుంది, పైగా అయాన్లు ముసురుకోవడంతో నానోమీటరు దాటేలోపే ఆవేశం జోరు చాలావరకు పోతుంది. అయితే ఒంట్లో దూరాలూ అంత చిన్నవే, కణత్వచం మందమే సుమారు 5 నానోమీటర్లు. నాడీకణంలో దాని రెండు వైపుల మధ్య తేడా 70 మిల్లీవోల్టులే కావచ్చు, అంత పల్చటి పొర మీద అది మీటరుకు కోటీ 40 లక్షల వోల్టుల లెక్కకు వస్తుంది. గాలి అయితే 30 లక్షల దగ్గరే నిప్పురవ్వలు రాలుస్తుంది! కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు గట్టెక్కిందీ ఈ కొలతల లోకంలోనే. ఎంఆర్‌ఎన్‌ఏది ఋణావేశం, కణం దాన్ని తనంతట లోపలికి రానివ్వదు. ఎప్పుడూ ధనావేశంతో ఉండే కొవ్వులో చుట్టి పంపితే కణానికే హాని. అందుకే రక్తంలో ఏ ఆవేశమూ లేకుండా ఉండి, కణంలోపలి ఆమ్లపు సంచిలోకి చేరాక మాత్రమే ధనావేశం తెచ్చుకునే కొవ్వును రసాయన శాస్త్రవేత్తలు తయారుచేశారు. అది సంచి గోడలోని ఋణావేశపు కొవ్వులను పట్టుకుని గోడను చెదరగొడుతుంది, ఎంఆర్‌ఎన్‌ఏ మోసుకొచ్చిన సందేశం బయటపడుతుంది. 2023లో శాస్త్రవేత్తలు కారికో, వైస్‌మన్‌లకు నోబెల్ తెచ్చిన ఎంఆర్‌ఎన్‌ఏ ఆవిష్కరణ కోట్లాది భుజాలకు చేరడానికి ఈ కొవ్వు కూడా కావలసివచ్చింది.

మన ఇంటర్‌లో ఎంపీసీ పిల్లలు కూలుంబు సూత్రంతో లెక్కలు చేస్తారు, కణత్వచం ముఖం చూడరు. బైపీసీ పిల్లలు రెండూ చదువుతారు గానీ వేర్వేరు పుస్తకాల్లో, వేర్వేరు పీరియడ్లలో. సిలబస్ ఇప్పటికే మోయలేనంత ఉందన్న మాటతో నాకు పేచీ లేదు, కొత్త అధ్యాయమూ అడగడం లేదు. దువ్వెన పక్కన ఒక గ్లాసు గోరువెచ్చని పాలు, అరచెక్క నిమ్మకాయ, పీహెచ్ కాగితం పెడితే చాలు. ఒక్కో చుక్కా పిండుతూ, కాగితం ఏ రంగుకు తిరిగినప్పుడు పాలు విరిగాయో పిల్లలే రాసుకుంటారు.