తోబుట్టువులను ఏరుకోవడం

తోడబుట్టినవాళ్ళను మనం ఏరుకోము. వాళ్ళు పుట్టుకతో వచ్చేవాళ్ళు. మంచివాళ్ళయినా పెంకివాళ్ళయినా సర్దుకుపోవలసిందే. కాని అక్కచెల్లెళ్ళను కూడా చూసి, మాట్లాడి, ఓటు వేసి మరీ ఏరుకునే ఆచారం ఒకటి అమెరికా కాలేజీలలో వున్నది. ఆ సంఘాలను సొరోరిటీలంటారు. "మనకెందుకా గొడవ?" అని పేజీ తిప్పబోయే పాఠకులకు ఒక్క మాట. ఈ రోజుల్లో మన వీధిలో ఏ నాలుగిళ్ళు చూసినా, ఒక ఇంటి పిల్ల అమెరికాలో చదువుతూనో పెరుగుతూనో వున్నది. ఆ గొడవ మన గుమ్మంలోకి ఎప్పుడో వచ్చింది.

మా అక్కయ్య కూతురు అక్కడే పుట్టి పెరిగింది. ఇప్పుడొక చిన్న వూళ్ళో, చిన్న కాలేజీలో రెండో ఏడు చదువుతున్నది. విద్యార్థులు మొత్తం వెయ్యిమందికి లోపు. సొరోరిటీలు మూడే మూడు. ఆ మూడింటికీ కలిపి ఒక వుమ్మడి సంఘం వున్నది. అందులో దీన్నొక సభ్యురాలిని చేశారు. వచ్చే ఏడాది కొత్త పిల్లలను ఏ పద్ధతిలో చేర్చుకోవాలో ఆ సంఘం తేల్చాలట. "పిన్నీ, నువ్వు ఇరవై ఏళ్ళుగా ఆడపిల్లల కాలేజీలో పాఠాలు చెపుతున్నావు కదా, నువ్వయితే ఏం చేస్తావు?" అని రాసింది. ఆ వుత్తరం చివర రెండు వాక్యాలు మాత్రం నన్ను కాస్త ఆపేశాయి. "పోయినేడు మా ఎదురుగదిలో వుండే అమ్మాయికి మూడు సంఘాలలో ఏ ఒక్కటీ పిలుపు పంపలేదు. డిసెంబరు సెలవులకు ఇంటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు."

అక్కయ్య విడిగా రాసింది: "అసలు దాన్ని ఆ సంఘాలలోంచి బయటికి రమ్మని చెప్పు. నా మాట వినదు, నీ మాట వింటుంది." ఇద్దరికీ కలిపి ఇక్కడే జవాబు రాస్తున్నాను, మరి నలుగురికి కూడా పనికివస్తుందని.

ముందు ఆ మాట సంగతి. లాటినులో సొరోర్ అంటే అక్కగాని చెల్లెలుగాని. మన సంస్కృతంలోని స్వసృ శబ్దానికి అది దగ్గర చుట్టం. రెండూ ఒక్క మూలం నుంచి వచ్చినవే. మగపిల్లల సంఘాలకు పెట్టిన ఫ్రెటర్నిటీ అన్న పేరులో వున్నది మన భ్రాతృ శబ్దానికి చుట్టం. మొదట్లో ఆడపిల్లల సంఘాలను కూడా స్త్రీల ఫ్రెటర్నిటీలనే అనేవారు, ఆడవాళ్ళ అన్నదమ్ముల సంఘం అన్నట్టు! సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో లాటిను చెప్పే ఫ్రాంక్ స్మాలీ గారికి అది ఎబ్బెట్టుగా తోచి, 1874లో అక్కడ పుట్టిన గామా ఫై బీటా అనే సంఘం కోసం సొరోరిటీ అన్న మాటను కల్పించారు. అంతకు ముందే, 1851లో, జార్జియా రాష్ట్రంలోని మేకన్ వూళ్ళో ఆడపిల్లల కాలేజీలో ఒక సంఘం పుట్టింది. దాని పేరు అడెల్ఫియన్ సొసైటీ. ఆ గ్రీకు మాటకు అర్థం ఒక్క కడుపున పుట్టినవాళ్ళని. అంటే అచ్చంగా మన సహోదరి, మన తోబుట్టువు. ఆ సంఘమే నేటి ఆల్ఫా డెల్టా పై.

ఇల్లినాయ్ రాష్ట్రంలో మన్మత్ కాలేజీ అని ఒక చిన్న కాలేజీ వున్నది. 1867లో పన్నెండుమంది అమ్మాయిలు అక్కడ మొదలుపెట్టినది నేటి పై బీటా ఫై. మూడేళ్ళకు, 1870లో, అదే కాలేజీలో కప్పా కప్పా గామా పుట్టింది. ఆడపిల్ల కాలేజీలో అడుగుపెట్టడమే అబ్బురంగా వున్న రోజులవి. గుప్పెడుమంది ఒకరికొకరు అండగా వుండడానికి పెట్టుకున్న సంఘాలు. కాబట్టి చిన్న కాలేజీ వీటికి కొత్తకాదు, పుట్టిల్లే.

తరవాత సంఘాలు పెరిగాయి. పెరిగినకొద్దీ పోటీ పెరిగింది. కొత్తపిల్ల రైలు దిగీ దిగకముందే మా సంఘం అంటే మా సంఘం అని చేతులు పట్టుకుని లాగే స్థితి వచ్చింది. ఈ చేర్చుకునే తతంగానికి చాలాకాలం రష్ అని పేరుండడం ఆ తొక్కిసలాట వల్లనే కాబోలు. ఆ రద్దీని అదుపులో పెట్టడానికి 1902లో కొన్ని సంఘాలు కలిసి నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే వుమ్మడి సభ పెట్టుకున్నాయి. ఇప్పుడున్న నియమాలు చాలామటుకు ఆ సభవే.

ఆ నియమాల ప్రకారం పద్ధతులు ముఖ్యంగా మూడు.

మొదటిది పూర్తి కట్టుదిట్టం. కొత్తపిల్లలు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఆ తరవాత వరసగా కొన్ని రోజులు విడతలు విడతలుగా విందులు. మొదటి విడతలో ప్రతి పిల్లా ప్రతి సంఘానికీ వెళుతుంది. విడత విడతకూ సంఘాలు కొందరిని తగ్గించుకుంటాయి, పిల్లలు కొన్ని సంఘాలను తగ్గించుకుంటారు. చివరకు పిల్ల తన ఇష్టాల వరసను కాగితం మీద పెడుతుంది. సంఘం తన ఇష్టాల వరస ఇస్తుంది. రెండు జాబితాలనూ జోడించి ఫలానా పిల్ల ఫలానా సంఘానికి అని తేలుస్తారు. సంఘానికి ఇంతమంది అని లెక్క వుంటుంది. ముప్పైఆరుమంది పిల్లలు, మూడు సంఘాలు అయితే సుమారు తలా పన్నెండుమంది. సంతకం పెట్టాక, వచ్చిన పిలుపును కాదంటే దాదాపు ఏడాదిపాటు ఆ కాలేజీలో ఆ సభకు చెందిన మరో సంఘంలో చేరడానికి వీలులేదు.

మన ఇంజనీరింగు కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు పెట్టిన తల్లిదండ్రులకు ఇది సులువుగా అర్థమవుతుంది. తేడా ఒక్కటే. అక్కడ ర్యాంకు మాట్లాడుతుంది. ఇక్కడ ర్యాంకు లేదు. రెండు పక్షాలూ చూసుకుని ఔననాలి. అంటే సగం కౌన్సెలింగు, సగం పెళ్ళిచూపులు!

రెండోది సగం కట్టుదిట్టం. నమోదు వుంటుంది, తేదీలు వుంటాయి, చివర జాబితాలూ వుంటాయి. కాని విడతలు తక్కువ, ఆర్భాటం తక్కువ. మూడోది ఏడాది పొడుగునా తలుపు తెరిచి వుంచడం. విడతలు లేవు, జాబితాలు లేవు. ఏ సంఘమైనా తనకు నచ్చిన పిల్లను ఎప్పుడైనా పిలవవచ్చు.

మా అమ్మాయి కాలేజీలో ఇప్పటిదాకా నడిచింది మొదటి పద్ధతి. పెద్ద విశ్వవిద్యాలయాలలో అదే నడుస్తుంది కాబట్టి అదే గొప్పదని చిన్న కాలేజీలు కూడా పెట్టుకుంటాయి. అలబామా విశ్వవిద్యాలయంలో ప్రతి ఆగస్టులో రెండువేలకు పైగా అమ్మాయిలు ఈ తతంగంలో పాల్గొంటారు. రెండువేలమందికి కట్టుదిట్టం లేకపోతే పని జరగదు. ముప్పైఆరుమందికి అదే ఏర్పాటు చేయడం, నలుగురి వంటకు అన్నసమారాధన గుండిగ పొయ్యిమీద పెట్టినట్టు వుంటుంది.

ఖర్చు ఒక్కటే అయితే నేనింత రాయను. పెద్దచోట పిలుపు రాని పిల్ల వేలమందిలో కలిసిపోగలదు. చిన్నచోట ఎక్కడ కలిసిపోతుంది? తనను వద్దన్న అమ్మాయే మర్నాడు భోజనాల హాలులో ఎదురుగా కూర్చుంటుంది, ప్రయోగశాలలో పక్కన నిలబడుతుంది. చివరి విందు ముగిసినప్పటినుంచి పిలుపులు అందేవరకు పాతవాళ్ళు కొత్తవాళ్ళతో మాట్లాడరాదని ఒక నియమం వున్నది. ఒకే గదిలో వుండే ఇద్దరు పిల్లలలో ఒకతె పాత, ఒకతె కొత్త అయితే? అద్దంముందు నిలబడి ఒకరినొకరు చూడనట్టు తలదువ్వుకోవాలి.

పోనీ, ఆ జాబితాల లెక్క అయినా గట్టిదా? 1991లో సుసాన్ మాంగెల్, ఆల్విన్ రోత్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు ఈ సొరోరిటీల జత కలిపే పద్ధతిని పరిశీలించి అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో వ్యాసం రాశారు. ఈ రోత్ గారికే 2012లో లాయడ్ షాప్లీతో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళు తేల్చినదేమంటే, పిల్లలు మనసులోని వరసంతా కాగితంమీద పెట్టడం లేదు. చాలామంది ఒక్క పేరే రాసి వూరుకుంటున్నారు. లెక్క సాఫీగా నడుస్తున్నట్టు కనిపించడానికి అదే కారణం. అంటే కాగితం పైకి నిబ్బరంగా వున్నా, దాని వెనుక పిల్లలు గుసగుసలు విని, గాలివాటం చూసి పందెం కాస్తున్నారన్నమాట.

"అయితే పిన్నీ, మూడో పద్ధతే మంచిది" అంటుంది మా అమ్మాయి. దాని మనసు అటే వున్నట్టు వుత్తరంలోనే తెలుస్తున్నది. తొందరపడవద్దంటాను. తలుపు తెరిచి వుంచడం వేరు, అందరికీ తెరిచి వుంచడం వేరు. విడతలు, తేదీలు లేనిచోట పిలుపు ఎవరికి వెళుతుంది? ముందే పరిచయం వున్నవాళ్ళకు. ఒకే బడినుంచి వచ్చినవాళ్ళకు, ఒకే ఆట ఆడేవాళ్ళకు, ఒకే రంగువాళ్ళకు. వూళ్ళో ఎవరినీ ఎరగని పిల్లకు, మాటకు ముందు సిగ్గుపడే పిల్లకు, అసలు తలుపు వున్నదనే తెలియదు.

కట్టుదిట్టం న్యాయాన్ని దానంతట అది తెస్తుందనీ కాదు. 2013లో అదే అలబామాలో సొరోరిటీలు రంగు కారణంగా నల్లజాతి అమ్మాయిని తోసిపుచ్చాయని విద్యార్థుల పత్రిక బయటపెట్టింది. నియమాలన్నీ వుండగానే అది జరిగింది. అప్పుడు విశ్వవిద్యాలయ అధ్యక్షురాలు జూడీ బానర్ ఏంచేశారంటే, తలుపులు మళ్ళీ తెరిచి ఎడతెగకుండా పిలుపులు పంపే పద్ధతిలోకి రమ్మని సంఘాలను ఆదేశించారు. కొద్దిరోజులలోనే నల్లజాతి అమ్మాయిలకు పిలుపులు వెళ్ళాయి, కొందరు చేరారు. చిన్న కాలేజీ మాట కావాలంటే స్వార్త్‌మోర్ వున్నది. తరవాతి కాలంలో స్త్రీల వుద్యమ నాయకురాలైన మాలీ యార్డ్ అక్కడ చదివేటప్పుడు, ఒక యూదు అమ్మాయిని సొరోరిటీ చేర్చుకోలేదన్న కోపంతో వాటి మీద పోరాడారు. 1933లో అక్కడ సొరోరిటీలే రద్దయ్యాయి. దాదాపు ఎనభై ఏళ్ళు తిరిగి రాలేదు.

మన పిల్లలకు కూడా ఇందులో పాఠం వున్నది. 1998 ఒక్క ఏడాదిలోనే దక్షిణాసియా అమ్మాయిల కోసం మూడు సొరోరిటీలు పుట్టాయి: ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమెగా, న్యూయార్కులో సిగ్మా సిగ్మా రో. పాత ఇంట్లో చోటు చాలదనిపించినప్పుడే కదా పిల్లలు కొత్త ఇల్లు కట్టుకునేది! కాని మూడే సంఘాలున్న చిన్న కాలేజీలో వేరే ఇల్లు కట్టుకునేటంతమంది వుండరు. వున్న ఇల్లే అందరిదీ కావాలి.

అందుచేత అమ్మాయీ, నా ఓటు నడిమి పద్ధతికి. ఏది సడలించాలో, ఏది బిగించాలో మాత్రం తెలుసుకుని చేయండి.

ఆర్భాటాన్ని సడలించండి. విందులు, అలంకారాలు, ఒకే రంగు దుస్తులు మానేసి మామూలు గదిలో కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడుకోండి. పక్కగది పిల్లతో మాట్లాడరాదన్న మౌనవ్రతాన్ని నియమం ఒప్పుకున్నంత మేరకు కురచ చేయండి. న్యాయాన్ని మాత్రం బిగించండి. కాలేజీ తెరిచిన మొదటి వారంలోనే తేదీలు, చందా ఎంతో, ఏయే ఖర్చులు వుంటాయో, కాగితంమీద పెట్టి ప్రతి అమ్మాయికీ అందేటట్టు చూడండి. పెద్దచోట్ల ఈ ఖర్చు ఏడాదికి వేల డాలర్లు అవుతుంది. చేరాక తెలిస్తే మధ్యతరగతి ఇంటి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది? కొత్తపిల్ల ప్రతి ఒక్కతే మూడు సంఘాలనూ ఒక్కసారైనా చూసితీరాలి. సంఘానికి ఇంతమంది అన్న లెక్క వుంచండి. లేకపోతే పేరున్న సంఘం అందరినీ లాక్కుని, చిన్న సంఘం రెండేళ్ళలో మూతపడుతుంది.

ఆ వారం గడిచాక తలుపు మూయకండి. ఖాళీలున్నంతవరకు ఏడాది పొడుగునా పిలవడానికి మీ నియమాలే ఒప్పుకుంటాయి. మొదట సిగ్గుపడిన పిల్ల నవంబరులో ధైర్యం తెచ్చుకుని రావచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి. ఈ తతంగం జరిగినన్నాళ్ళు కొందరు పెద్దపిల్లలు తమ సంఘాన్ని పక్కనపెట్టి, కొత్తవాళ్ళకు దారి చూపే పని చేస్తారు కదా. పిలుపు రాని పిల్ల వుంటే ఆ సంగతిని ఫోను తెరమీద చూసుకోనివ్వకండి. మిగిలినవాళ్ళ కేరింతలు మొదలు కాకముందే ఆ పెద్దపిల్లల్లో ఒకతె ఆ గదికి వెళ్ళి, తలుపు వేసుకుని, తన నోటితో చెప్పాలి. చెప్పి కాసేపు అక్కడే కూర్చోవాలి. మర్నాడు భోజనానికి తనతో తీసుకువెళ్ళాలి. ఇది ఏ నియమావళిలోనూ వుండకపోవచ్చు. ముప్పైఆరుమందిలో ఇది చేయడం కష్టమూ కాదు. చిన్న కాలేజీకి వున్న సదుపాయమే అది.

ఇక అక్కయ్యా, నీకు. కొత్తవాళ్ళను ఏడిపించడం అక్కడ కూడా చాలా రాష్ట్రాలలో నేరమే. 2024 డిసెంబరులో దేశమంతటికీ వర్తించే చట్టం వచ్చి, అటువంటి సంఘటనలను కాలేజీలు బయటపెట్టి తీరాలన్నది. మనకు 1997 నుంచే ర్యాగింగు చట్టం వున్నది. చట్టం ఎంత అవసరమో, అది ఒక్కటే ఎంత చాలదో మనకు తెలుసు. కనుక అడగవలసినవి అడుగు. కాని అమ్మాయిని బయటికి రమ్మనకు. ఎదురుగది పిల్ల తిరిగి రాలేదని బాధపడి ఇంత పెద్ద వుత్తరం రాసిన పిల్ల, ఆ సంఘంలో వుండవలసిన పిల్ల. అది బయటికి వస్తే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో ఆలోచించు.

వాళ్ళు ఓటు వేసుకునేది వచ్చే నెలలోనట. ఏం తేలిందో రాయమన్నాను. రాస్తే పాఠకులకూ చెపుతాను.