నవలలలో భాషల గోడ

పూర్వపు హైదరాబాదు రాజ్యమును గూర్చి వ్రాయబడిన పెక్కు నవలలలో ఒక దురభ్యాసము పాతుకొనియున్నది. ఉరుదు మాటలాడువాడు పీడకుడు. తెలుగు మాటలాడువాడు పీడితుడు. చదువరులు దీనినే చరిత్రయని నమ్మి బిడ్డలకు జెప్పుచున్నారు. ఇది ఖండింపదగినది.

తెలుగునకు గలిగిన అవమానము కల్పితము గాదు. కచ్చేరీ భాష ఉరుదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయు నదియే. అయినను 1921లో హైదరాబాదు సంఘసంస్కార సభయందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున బ్రసంగింపబోగా గేలిచేసినవారు మహారాష్ట్రులు. ఆ పరాభవమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని ఆక్షేపించినవాడును తెలుగువాడే. గద్వాల సీమలో బుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించి యాతనికి బదులు చెప్పిరి. ఇట్టి వృత్తాంతములను నవలాకారులేల విడిచిరి?

గద్వాల, వనపర్తి సంస్థానముల ప్రభువులు తెలుగువారు. పండితులను సత్కరించి గద్వాల 'విద్వద్గద్వాల' యను పేరు గడించెను. ఆ సత్కారమునకు వలయు ధనము తెలుగు రైతు చెమటనుండి వచ్చినదే గదా! ఈ సీమలోను, నాగరకర్నూలు పల్లెలలోను దూదేకులవారి యింటిభాష తెలుగు. వారిని మన కథలు ఏ పక్షమున నిలుపును? 'రైతు' అను మాటయే అరబ్బీనుండి వచ్చినదని నవలాకారుడు మరచెనా?

1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన షోయబుల్లాఖాను 'ఇమ్రోజ్' అను ఉరుదు పత్రికకు సంపాదకుడు. ప్రజల పక్షమున నాతడు వ్రాసినది ఉరుదుననే.

ఈ లోపమునకు లొంగని రచనలు లేకపోలేదు. దాశరథి రంగాచార్యులు 1969లో బ్రకటించిన 'చిల్లర దేవుళ్లు'లో గడీయందు గూర్చుండి పల్లెను పీల్చు దేశముఖు తెలుగువాడే. కెనడాలో హ్యూ మెక్లెన్నన్ 1945లో వ్రాసిన 'టూ సాలిట్యూడ్స్' ఫ్రెంచివారికిని ఆంగ్లభాషీయులకును గల యెడబాటును చిత్రించును. అందలి నాయకుడు ఫ్రెంచి తండ్రికిని ఆంగ్లము మాటలాడు తల్లికిని బుట్టినవాడు గావున గోడకు రెండు వైపులును పాఠకునకు గనబడును.

విద్వేషము నేర్పు కథ యెంత సొంపుగా నున్నను గృహమునకు హితము గాదు. ఇట్టి నవల యింటికి వచ్చినపుడు గృహస్థులును గృహిణులును ఒక్క ప్రశ్న వేయవలెను: ఇందలి ఉరుదు మాటలాడువానికి పేరు, ఇల్లు, ఆకలి యున్నవా? లేకున్న ఆ గ్రంథకర్తను నిలదీయుడు.