గట్టు మీది చూపు, చేలోని చూపు

వేరుశనగ గట్టు మీద నిలబడితే అర్థమయ్యే పంట కాదు. వరి వెన్ను పైకే కనిపిస్తుంది, జొన్న కంకీ అంతే. శెనక్కాయ మాత్రం పండినా ఎండినా మన్ను కిందే. అనంతపురం ఎర్రనేలల్లో జూన్, జూలైలో విత్తిన చేను నెల తిరిగేసరికి పూతకొస్తుంది. ఆ తర్వాత ఊడలు నేలలోకి దిగాలి. సరిగ్గా అప్పుడు పైమన్నులో పదును లేకపోతే ఊడ దిగదు; దిగినా కాయ ఊరదు. ఎప్పుడో సెప్టెంబరులో ఒక వాన పడుతుంది. చెట్టు తేరుకుంటుంది, ఆకు నిగనిగలాడుతుంది. రోడ్డున పోయేవారికి చేను నిండుగా ఉన్నట్టే ఉంటుంది. చెట్టు పెరికి మన్ను దులిపితే మూడో నాలుగో కాయలు, వాటిలోనూ సగం వేళ్లతో నొక్కితే చప్పున అణిగిపోయే తాలు కాయలు.

అందుకే కరువు సీమలో చూపుకూ చూపుకూ ఉన్న తేడా చివరికి రైతు చేతికొచ్చే డబ్బులో తేలుతుంది.

క్షణకాలపు చూపుకు తెలుగులో పేర్లు కొల్లలు. తొంగిచూడటమంటే గడప దాటకుండానే లోపల ఏముందో తెలుసుకోవాలనుకోవడం. ఓరచూపు, క్రీగంటి చూపు మొహం తిప్పకుండా కంటికొసతో చూసేవి. వాటిని కావ్యాలు ప్రేమికులకు ఇచ్చేశాయి. పైపైన చూడటం, చూసీచూడనట్టు పోవడం, ఈ కాలంలో ఓ లుక్కేసి రావడం మనకు రోజూ అలవాటైనవే. కాస్త గంభీరంగా కావాలంటే విహంగ వీక్షణం ఉండనే ఉంది. వీటికి ఎదురు నిలిచే మాటలూ తక్కువేం కాదు. తేరిపార చూడటం, నిదానించి చూడటం, పరికించడం, కనిపెట్టుకొని ఉండటం, కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడటం. మన పల్లెలకు దొరుకుతున్నవి మొదటి జాబితాలోని చూపులు. ఆ చివరి ఎదురుచూపు ఒక్కటీ రైతు వంతు. సాయం కోసం ఆఫీసుకెళ్తే మాత్రం మనిషిని ఎగాదిగా చూస్తారు. అతని చేనుకు అంత చూపు కూడా దక్కదు.

ఈ పీఠభూమి స్వభావమే తొందరపాటు చూపుకు లొంగనిది. నైరుతి రుతుపవనాల వాన చాలావరకు పడమటి కనుమల అవతలే కురిసిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి చిక్కిపోతాయి. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వర్షం. అదైనా పంటకు కావలసినప్పుడు పడితే ఒక లెక్క. రెండు రోజుల్లో నెల వానంతా కురిసి, తర్వాత నెలన్నర చుక్క రాలకపోతే మొత్తం లెక్కలో లోటు తగ్గి కనిపిస్తుంది. ఊడలు దిగాల్సిన రోజుల్లో నేల ఎండిందన్న సంగతి ఆ అంకెలో ఉండదు.

ఉపగ్రహం సంగతీ అంతే. 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ వర్షపాతం, వర్షాల మధ్య వచ్చే ఎండు విరామం, నేలలో తేమ వంటి వాటితో పాటు ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కగట్టిన పచ్చదనం సూచీని కూడా కరువుకు గీటురాయిగా తీసుకుంది. చాలా పంటలకు అది పనికొచ్చే కొలతే. వేరుశనగ దగ్గర మాత్రం అది కొలిచేది ఆకును. ఆలస్యంగా పడిన వానకు తేరుకున్న చెట్టు ఆకాశం నుంచి ఆరోగ్యంగానే ఉంటుంది. అదే మాన్యువల్ క్షేత్ర పరిశీలన కూడా జరగాలంది. ఎంపిక చేసిన గ్రామాల్లో చేలకు వెళ్లి పంట పరిస్థితి చూడమంది. చూడమన్న మాట కాగితం మీద ఉంది. ఎలాంటి చూపు అన్నదే నా బాధంతా.

పంట నష్టం 33 శాతానికి చేరితేనే పెట్టుబడి రాయితీకి అర్హత. 2015కు ముందు అది 50 శాతం ఉండేది. తగ్గించడం మంచి పనే. కానీ 30కీ 35కీ మధ్య ఉన్న గీత గట్టు మీద నిలబడిన కంటికి ఆనదు. పెరికి, దులిపి, కాయలు ఎంచి, తూకం వేస్తేనే తెలుస్తుంది. నష్టం అంచనాకు కేంద్ర బృందాలు వచ్చేసరికి చాలాసార్లు ఆ అవకాశమూ మిగలదు. కాయ పోయినా పశువులకు కట్టె అయినా దక్కుతుందని రైతు అప్పటికే చేను పీకేసి ఉంటాడు. ఖాళీ చేను గట్టున కార్లు ఆగుతాయి, ఫొటో ప్రదర్శన నడుస్తుంది, నలుగురితో మాట్లాడతారు, కార్లు కదులుతాయి. “చెట్టు జూసి పోతాండారు సార్, కాయ జూసేది ల్యా?” అని మా వైపు రైతు అడిగే ప్రశ్నకు ఇంతవరకు సరైన జవాబు రాలేదు.

ఈ నేలను నిదానించి చూసినవాళ్లు లేకపోలేదు. నిజాం 1800లో ఈ సీమ జిల్లాలను, అంటే దత్త మండలాలను, ఈస్టిండియా కుంపిణీకి అప్పగించాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. గుడారాల్లో మకాం వేస్తూ ఊరూరా తిరిగాడు. పొలం పొలాన్నీ గొలుసుతో కొలిపించాడు. అతను వచ్చింది శిస్తు వసూలుకే. అయినా అన్నేళ్లు చూశాక, శిస్తును నాలుగో వంతు తగ్గించాలని పైవాళ్లకు రాశాడు. కుంపిణీ అప్పట్లో ఒప్పుకోలేదు. పన్ను కోసం వచ్చినవాడికే దగ్గరగా చూస్తే రైతు భారం అంతగా తెలిసిందంటే, సాయం కోసం వచ్చేవాళ్లకు ఎంత తెలియాలి?

ఇంకా దగ్గరి ఉదాహరణ కల్పవల్లి. ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కలిసి, ఇప్పుడు కల్పవల్లిగా పిలిచే బోడికొండలను కాపాడటానికి పూనుకున్నారు. ఎండాకాలం మంటలు అంటుకోకుండా కాపలా కాశారు, విత్తనాలు చల్లారు, మిగిలింది నేలకు వదిలి ఏళ్ల తరబడి కనిపెట్టుకొని ఉన్నారు. గడ్డి లేచింది, ఈతచెట్లు పెరిగాయి, వేల ఎకరాల్లో పచ్చదనం తిరిగొచ్చింది. ఒక్క ఏడాది చూసి ‘ఇక్కడేం మొలవదు’ అని రాసేసి ఉంటే ఆ కొండలు ఇప్పటికీ బోడిగానే ఉండేవి.

మన ఇళ్లలో ‘అమ్మను చూశాడు’ అంటే ఒక అర్థం, ‘అమ్మను చూసుకుంటున్నాడు’ అంటే వేరే అర్థం. మొదటిదానికి ఒక పూట సరిపోతుంది. రెండోదానికి బాధ్యత కావాలి. పొలం గురించి రైతు ఎప్పుడూ రెండో మాటే వాడతాడు. ప్రభుత్వమూ పత్రికలూ కూడా ఆ మాటకు మారాలి.

మారడమంటే చేయాల్సిన పనులు కష్టమైనవేం కాదు. పంట లెక్క ఊడలు దిగే దశలో ఒకసారి, కాయ ముదిరాక పీకుడుకు ముందు ఇంకోసారి రాయాలి. ప్రతి చేలో నాలుగైదు చోట్ల చెట్లు పెరికి, రైతూ పక్క చేనివాళ్లూ చూస్తుండగా కాయలు ఎంచాలి. ఆ అంకెలు గ్రామ సచివాలయం గోడ మీద పెట్టి, అభ్యంతరాలకు గడువివ్వాలి. కేంద్ర బృందం చేలో పంట ఉండగానే రావాలి. జిల్లా యంత్రాంగం చూపించే చేలతో పాటు తనకు తానుగా ఎంచుకున్న ఊరికీ వెళ్లాలి. మా పత్రికలవాళ్లమూ కరువు వార్తను బృందం వచ్చిన రోజుకే పరిమితం చేయకుండా, విత్తనం పడిన రోజు నుంచి ఆ చేనును వెంటబడి రాయాలి. గట్టు దిగి చెట్టు పెరికితే నిజం తెలియడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు రైతుకు మనం బాకీ ఉన్నాం.