తాత లెక్క మనవడి ఖాతాలో

ఇస్తాంబుల్‌లో 2023 జనవరి 14న 89 ఏళ్ల వయసులో కన్నుమూసిన నిజాం వారసుడు ముకర్రం జా భౌతికకాయాన్ని ఆయన కోరిక మేరకు హైదరాబాద్ తెచ్చి, మక్కా మసీదు ప్రాంగణంలో ఖననం చేశారు. అంతకుముందు చౌమహల్లా ప్యాలెస్‌కు కడచూపు కోసం జనం తరలివచ్చారు. ఆయన్ని దగ్గరగా ఎరిగినవారు ఎందరు? దశాబ్దాలు ఆస్ట్రేలియాలో గొర్రెల క్షేత్రం నడుపుకొని, తర్వాత తుర్కియేలో స్థిరపడ్డారాయె! చౌమహల్లాలో జనం తలుచుకున్నది అసలు ఆయన తాత, చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌ను. పాతబస్తీకి ఆ పేరు చెబితే ఉస్మానియా ఆస్పత్రి, గండిపేట నీళ్లు గుర్తొస్తాయి. తెలంగాణ పల్లెకు వెట్టి చాకిరీ, రజాకార్ల దౌర్జన్యాలు గుర్తొస్తాయి. రెండూ నిజమే. మనవడి అంత్యక్రియలను ప్రభుత్వం అధికార లాంఛనాలతో జరపడంపై అభ్యంతరాలు లేచింది ఈ రెండో జ్ఞాపకంలోంచే.

అయితే 1948 సెప్టెంబరులో నిజాం పాలనను ముగించిన పోలీసు చర్య జరిగే నాటికి ముకర్రం జాకు పదిహేనేళ్లు కూడా నిండలేదు. రజాకార్ల పాపం ఆయనకు అంటగట్టడం అన్యాయం. లాంఛనాలు ఆయన విద్య, వైద్య సేవలకని ప్రభుత్వం చెప్పింది. మంచిదే. నిజాం వారసుడన్న మాట కూడా ఎందుకు కలపాలి? రాజబిరుదులకు 1971లోనే రాజ్యాంగ గుర్తింపు పోయింది.