కొనువాడును వాటాదారుడును

మొన్నటి ఆదివారము సాయంకాలము పఠనమందిరములో పత్రికలు తిరగవేయుచుండగా, మాకు చిరకాలముగా పరిచితులైన విశ్రాంత ఉపాధ్యాయులొకరు వచ్చి ప్రక్కన కూర్చుండి, "ప్లీడరుగారూ, నేను షేర్లు కొన్న కంపెనీకి వ్యాపారము ఏటేట పెరుగుచునే యున్నదట. అమ్మకము పెరిగినదట, ఖాతాదారులు పెరిగినారట. మరి నా షేరు ధర సగమునకు దిగుట యేమి? దీనిపై దావా వేయుటకు వీలున్నదా?" యని యడిగిరి. ఆ కంపెనీ పేరు చెప్పుట యనవసరము. ఆయన పెట్టినది పదవీవిరమణనాడు చేతికి వచ్చిన పైకములో మూడవ వంతు. దావాకు వీలు లేదని చెప్పుటకు మాకొక్క నిమిషము పట్టినది. ఆయన మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ఆ సాయంకాలము చాలలేదు. అందుచేతనే యిది వ్రాయుచున్నాము.

2009 జనవరి 7వ తేదీన హైదరాబాదులోని సత్యం కంప్యూటర్సు అధిపతి తన లెక్కలు అబద్ధములని తానే వ్రాసి యొప్పుకొనగా, ఆ కంపెనీ షేరు ఒక్కనాటిలో నూటికి 75 వంతులకు మించి పడెను. అక్కడ మోసము కలదు, ముద్దాయిలు కలరు, 2015లో న్యాయస్థానము శిక్షలును విధించెను. ఈ నాలుగైదేండ్లుగా మనము చూచిన పతనములలో పెక్కు అట్టివి కావు. శీఘ్రముగ పెరుగునవని పేరుపొందిన యీ కంపెనీలు, తమకు నష్టములు వచ్చుచున్నవనియు, ఇక ముందును రావచ్చుననియు, లాభము వచ్చునని మాట ఇయ్యజాలమనియు తమ ప్రాస్పెక్టసులలో వ్రాసియే జనులను పిలిచినవి. వ్రాసినదానిని చదువక చేవ్రాలు చేసిన కక్షిదారుని ఏ న్యాయస్థానమును కాపాడజాలదు. అన్ని వందల పుటలు ఎవరు చదువుదురని యడుగవచ్చును. నిజమే. మేమును పతనము తరువాతనే చదివితిమి.

2021 నవంబరు 18వ తేదీని తీసికొందము. ఆనాడు పేటీయం కంపెనీ షేర్లు బజారులో నమోదైనవి. జారీ ధర 2,150 రూపాయలు, జారీ మొత్తము 18,300 కోట్లు. 2010లో కోల్ ఇండియా చేసిన జారీని మించి, ఆనాటికి దేశములోకెల్ల పెద్దది. మొదటి దినము ముగియునప్పటికే ధర నూటికి 27 వంతులు పడెను. ఏడాది తిరుగునప్పటికి 500 రూపాయలకు దిగువకు వచ్చెను. పత్రికలు ఈ యంకెలనే మరల మరల ప్రకటించినవి. చదువరులు గమనింపవలసిన దింకొకటి కలదు. ఆ 18,300 కోట్లలో కంపెనీ ఖజానాకు చేరినది 8,300 కోట్లు మాత్రమే. తక్కిన 10,000 కోట్లు పూర్వపు వాటాదారులు తమ షేర్లను ప్రజలకు విక్రయించి తీసికొని పోయిన సొమ్ము. వారిలో చైనా, జపాను దేశముల ధనికసంస్థలును కలవు. వారు లేచిన కుర్చీలలో మనవారు కూర్చుండిరి.

లేచినవారందరు లాభముతోనే లేచినారనియు అనరాదు. అమెరికాలో వారెన్ బఫెట్ గారి బర్క్‌షైర్ సంస్థ 2018లో ఆ కంపెనీలో ప్రవేశించి, 2023 నవంబరులో మిగిలిన వాటాను సుమారు 1,371 కోట్లకు అమ్మి నష్టముతో వెడలెను. అంతటివారికిని లెక్క తప్పెను. అయితే ఆ నష్టము వారి సంపదలో ఒక మూల. మన ఉపాధ్యాయునకు అది కుమార్తె వివాహము.

షేరు ధర యనగా నేమి? నేడు కంపెనీ సంపాదించుచున్నదానికి వెల కట్టుట యొకటి, ఎన్నడో సంపాదింపబోవుదానికి నేడే వెల కట్టుట యింకొకటి. కాపునకు వచ్చిన మామిడితోటను కొనువాడు చెట్లు లెక్కించి, పోయిన యేటి ఫలసాయము విచారించి బేరమాడును. నిన్న నాటిన అంట్లను చూచి, పదియేండ్ల తరువాతి కాపునకు నేడు పైకమిచ్చువానికి రెండు సంగతులు కావలెను: నడుమ వడ్డీ పెరుగరాదు, ప్రక్కపొలమువాడు అంతకంటె మేలైన తోట వేయరాదు. 2022లో మొదటిది తప్పెను. ఆ యేడు మార్చి మొదలు అమెరికా కేంద్రబ్యాంకు వడ్డీరేట్లను పెంచసాగెను. మన రిజర్వు బ్యాంకు 2022 మే మొదలు 2023 ఫిబ్రవరి లోపల తన రెపో రేటును నూటికి 4 నుండి 6.5కు హెచ్చించెను. బ్యాంకులో నిశ్చయముగ వచ్చు వడ్డీ హెచ్చినకొలది, ఎన్నడో వచ్చునను లాభముపై జనులకు మోజు తగ్గును. ఒక్క కంపెనీ తప్పు చేయకున్నను దాని షేరు పడుటకు ఇదియే చాలును. కాని ఇది అందరికిని సమానమైన కారణము. రెండవదే మాకు ముఖ్యము.

సెల్లుఫోనులో డబ్బు చెల్లించుట మన పట్టణములలో అలవాటైన కథను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయినప్పుడు కూరగాయల బండిమీద సయితము పేటీయం నీలిరంగు అట్ట వ్రేలాడెను. ఇక జనులు దీనిని విడువరనుకొనిరి. కాని ఆ యేడే జాతీయ చెల్లింపుల సంస్థ యూపీఐ యను పద్ధతిని ప్రవేశపెట్టి యుండెను. ఒక బ్యాంకునుండి మరియొక బ్యాంకునకు తిన్నగా సొమ్ము చేరును, నడుమ ఎవరి సంచిలోను నింపవలసిన పని లేదు. ఆ బాటమీద ఫోన్‌పే వచ్చెను, గూగుల్ వచ్చెను. 2020 జనవరి మొదలు యూపీఐ చెల్లింపులకు వర్తకులనుండి రుసుము తీసికొనరాదని ప్రభుత్వము శాసించెను. 2021లో షేర్లు జారీ యగునప్పటికి యూపీఐ వ్యవహారములలో నూటికి ఇంచుమించు 80 వంతులు ఆ యిరువురి చేతిలోనే యుండెను. ఒక యాప్‌ను విడిచి మరియొకటి పట్టుటకు కొనువానికి కాసు ఖర్చు లేదు, క్షణమును పట్టదు. ఇట్టి ఖాతాదారుని ఆస్తిగా లెక్కగట్టి దానిపై వేలకోట్ల వెల నిర్ణయించిరి. వాడు కంపెనీకి బందీ యని యెవరు చెప్పిరి? నేడు ఇచట దిగి, రేపు ఇంకొకచోట దిగు బాటసారి వాడు.

ఇది మనదేశపు మాట మాత్రమే కాదు. 2022 ఏప్రిలు 20వ తేదీన అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ షేరు ఒక్కనాటిలో నూటికి 35 వంతులు పడెను. మూడు మాసములలో 2 లక్షల మంది చందాదారులు తగ్గినారను వార్తయే కారణము. ఆ సంస్థకు చందాదారులు 22 కోట్లు! అంత సముద్రములో రెండు లక్షలెంత? పడినది తగ్గిన చందాలచేత గాదు, ఎల్లకాలము పెరుగునను నమ్మకము సడలుటచేత.

ఇంతవరకు చదివి, అట్టి షేర్లన్నిటిని వెంటనే అమ్మివేయవలెనని మా అభిప్రాయమని యెవరైన తలంచినచో పొరపాటు. జొమాటో సంగతి చూడుడు. 2021 జూలైలో 76 రూపాయలకు జారీ చేసిరి. ఆ యేడే ధర 160 దాటెను. పూర్వపు వాటాదారులు ఏడాదివరకు అమ్మరాదను గడువు 2022 జూలైలో తీరగానే 41 రూపాయల దాపునకు దిగెను. మరుసటి మాసమున అమెరికాలోని ఊబర్ సంస్థయే తన వాటాను షేరొక్కింటికి 50 రూపాయల చొప్పున అమ్ముకొనెను. నష్టములలో నున్న బ్లింకిట్ యను కంపెనీని కొనుటకు జొమాటో 4,447 కోట్లు వెచ్చించుచున్నదని ఆ యేడు జూన్‌లో అందరును నిందించిరి. ఆ బ్లింకిట్టే పదినిమిషములలో ఇంటికి సరకు చేర్చు వ్యాపారముతో ఆ కంపెనీకి బలమైనది. 2023–24లో జొమాటో మొదటిసారి సంవత్సరమంతటికి లాభము చూపెను. 2024 డిసెంబరులో షేరు 300 దాటెను. 2025లో ఆ కంపెనీ ఎటర్నల్ అని పేరును మార్చుకొనెను. నలుబదియొక్క రూపాయలకు భయపడి అమ్మినవాడును, నూటయరువదికి ఆశపడి కొన్నవాడును ఒక్కటే తప్పు చేసిరి: ఇరువురును ధరను చూచిరి, దుకాణమును చూడలేదు.

పదినిమిషముల సరకు ఇంకొకరి ఇంట నిప్పు పెట్టెను. డీమార్టు దుకాణములు మన తెలుగుపట్టణములలో నెందరికో తెలిసినవే. వృథావ్యయము లేని గట్టి వర్తకమని పేరు. 2017లో 299 రూపాయలకు జారీయైన షేరు మొదటినాడే రెండింతలైనది. అట్టిది 2024 అక్టోబరు 14వ తేదీన ఒక్కనాటిలో నూటికి 8 వంతులకు పైగా పడెను. మహానగరములలోని తమ పెద్ద దుకాణములకు ఆన్‌లైన్ కిరాణా పోటీ తగులుచున్నదని యాజమాన్యమే యొప్పుకొనినది. డీమార్టు రాకతో వీధి కిరాణాకొట్లు చిక్కిపోయినప్పుడు షేరుబజారు సంతోషించెను. మా వీధి చివరి శెట్టిగారికి షేరు లేదు, దాని ధర పడినదని వార్త వ్రాయువారును లేరు. ఆయన ఖాతాపుస్తకములో అరువు వ్రాసికొన్న ఇండ్లు మాత్రము తగ్గిపోయినవి.

చదువరులు మమ్ము మన్నింపవలెను, ఇక కొంచెము కటువుగ చెప్పవలసి యున్నది. ఆ పోటీలో ఇచ్చు తగ్గింపు ధరల సొమ్ము ఎవరిది? నూరు రూపాయల సరకును ఎనుబదికి ఇంటికి తెచ్చి ఇచ్చువాడు ఆ యిరువదిని ఆకాశమునుండి తేలేదు. మొదట విదేశపు మూలధనము నుండి వచ్చినది. 2021 మొదలు కొంత మనవారి షేర్ల పైకమునుండియు వచ్చుచున్నది. 2020 మార్చినాటికి మనదేశములో సుమారు 4 కోట్లుగ నుండిన డీమాటు ఖాతాలు 2022 ఆగస్టు నాటికి 10 కోట్లైనవి. నేను షేరే కొనలేదని సంతోషించువారును తొందరపడరాదు. 2024 డిసెంబరు 23వ తేదీన జొమాటో సెన్సెక్సు సూచీలో చేరినది. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2015 నుండి తన నిధిలో కొంత భాగమును ఆ సూచీ ననుసరించు పథకములలో పెట్టుచున్నది. కావున మిల్లులో పనిచేయు కార్మికుడును తెలియకయే ఇందులో వాటాదారుడయ్యెను. కోడలు ఫోనులో ఇరువది రూపాయలు మిగిల్చును. మామగారి ఖాతాలో రెండువందలు తరుగును. ఇల్లు ఒక్కటే, లెక్కలు మాత్రము రెండు పుస్తకములలో వ్రాయుచున్నాము.

ఇక పోగొట్టుకొన్నవారు చేయుచున్న పనులను గూర్చి. కొందరు పడినకొలది మరల కొని సగటు తగ్గించుకొందుమందురు. అది కంపెనీ నిలుచునప్పుడు వివేకము, నిలువనప్పుడు రెండవమారు మునుగుట. ఏది యెప్పుడో తెలియుటకు కంపెనీ లెక్కలు చదువవలెను గాని వీడియోలో అరచువాని మాట వినరాదు. అంతకంటె ఘోరము, పోయినదానిని త్వరగా రాబట్టవలెనని ఫ్యూచర్సు, ఆప్షన్లలో దిగుట. సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించిన విచారణలో, మూడు సంవత్సరములలో అందు దిగిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, మొత్తము నష్టము 1.8 లక్షల కోట్లు దాటెననియు తేలెను. ఒక ఆసామి పేకాటలో పోయిన పొలమును పేకాటలోనే తెచ్చుకొందునని పోయి ఇల్లు సయితము తాకట్టు పెట్టిన వ్యాజ్యమును మేమెరుగుదుము. దీనికిని దానికిని భేదమేమో మాకు తెలియరాలేదు. అట్టి వ్యాపారమునకు ప్రవేశము మరింత కఠినము చేయవలెననియు, ప్రాస్పెక్టసు మొదటి పుటలోనే కంపెనీకి ఎంత చేరును, పాతవారికి ఎంత పోవును, తగ్గింపులకై నిరుడు ఎంత వ్యయమైనదను మూడంకెలను ప్రాంతీయభాషలలో పెద్ద అక్షరములతో అచ్చువేయవలెననియు మేము సెబీవారిని కోరుచున్నాము. మొదటి రెండంకెలు ఆంగ్లములో నేడును దొరకును. చదువగలవారికే దొరకును.

ఉపాధ్యాయులవారు చివరకు, "అమ్మమందురా, ఉంచుమందురా?" యని యడిగిరి. అమ్ముటయు ఉంచుటయు మేము చెప్పజాలమనియు, ఇంటికి పోయి కోడలిగారిని ఒక్కమాట యడిగి రమ్మనియు చెప్పితిమి: ఆ కంపెనీవారు తగ్గింపు మానివేసినచో ఆమె వారియొద్దనే కొనునా? మరునాడాయన వచ్చి చెప్పిరి. ఆమె ఫోనులో అట్టివి నాలుగు కలవట. ప్రతి ఉదయము నాలుగింటిని తెరచి, ఏది చవుకయో చూచి, అందులోనే పాలు తెప్పించునట.