పేర్ల వరుస యెవరి వరుస?

పట్టికలో నెవరి పేరు ముందుండవలెనన్న ప్రశ్నకు అక్షరక్రమమే సమాధానమని మనము చిన్నతనముననే నేర్చుకొందుము. కాని అక్షరక్రమ మొక్కటే కాదని కంప్యూటరునకు కమాండులు వ్రాసి పని చేయించువారికి త్వరలోనే తెలియును. అవే ఫైళ్ల పేర్లను 'ఎల్ఎస్' అను కమాండు ఒక యంత్రమున నొక విధముగను, ప్రక్క యంత్రమున వేఱొక విధముగను పేర్చి చూపును. రెండును చెడిపోలేదు. వానికి నియమించిన లొకేల్, అనగా భాషాదేశ మర్యాద, వేఱు.

'సీ' అను లొకేలునందు 'సార్ట్' కమాండు అక్షరముల సంఖ్యలనే చూచును. ఇంగ్లీషు పెద్దబడి జెడ్‌కు 90, చిన్నబడి ఏకు 97. కావున పెద్దబడి జెడ్‌తో మొదలగు పేరు చిన్నబడి ఏతో మొదలగు పేరుకంటె ముందు నిలుచును. అమెరికా ఇంగ్లీషు లొకేలులో నన్ననో, నిఘంటువునందువలె రెండు బడులును కలసి నడచును. నెత్తిపై రెండు చుక్కలుగల ఏ అక్షరమును జర్మనులు ఏతోడనే చేర్తురు; స్వీడనువారు జెడ్ దాటిన పిదప నుంతురు. స్పానిష్ పండితులు సీహెచ్ జంటను 1994 వఱకు వేఱక్షరముగనే పేర్చిరి. ఇందెవరిది తప్పు?

మన తెలుగు సంగతి చూతము. యూనికోడునందు ళకారమునకు 3123, వకారమునకు 3125. అందుచే సంఖ్యల వరుసలో 'కళ' ముందును 'కవి' వెనుకను వచ్చును. బడిలో నేర్పు వర్ణమాలలో ళకారము హకారము తరువాతిది గదా! ఱకారము రకారము వెంటనే చేరినది. సున్న అకారమునకే ముందు కూర్చున్నది. అయినను గుణింతములు ముగిసిన పిదప ఒత్తులు వచ్చుటచే కమల, కాంతి, కృష్ణ, క్రాంతి అను పేర్లు చక్కగనే నిలుచును.

ఇది వేడుక మాత్రమే యని తలంపరాదు. విద్యార్థుల పట్టిక నొక లొకేలులోను, రుసుము చెల్లించినవారి పట్టికను వేఱొక లొకేలులోను పేర్చి 'కామ్' కమాండుతో పోల్చితిమా, చెల్లించిన బాలుని పేరు చెల్లింపనివారిలో తేలవచ్చును. వరుస తప్పినదని యంత్రము హెచ్చరించునుగాని తొందరలో నున్నవా డది చదువునా? 2018లో గ్లిబ్‌సీ 2.28వ కూర్పునందు వరుస నియమములు మాఱినప్పుడు, పాత నియమముతో పోస్ట్‌గ్రెస్ డేటాబేసులలో కట్టిన సూచికలు క్రొత్తదానితో పొసగక, ఉన్న పేరే లేదని చెప్పు ప్రమాద మేర్పడెను. సూచికలను మరల కట్టవలసివచ్చెను.

అన్నిటికిని 'సీ' లొకేలే చాలునని కొంద ఱందురు. యంత్రము యంత్రమునకు అందించు పట్టికల విషయమున మే మంగీకరింతుము. ఆ వరుస దేశము మాఱినను మాఱదు. మనుష్యులు చదువు పట్టికకు మాత్ర మది న్యాయము కాదు. తెలుగు పేర్లు వెదకు తండ్రి తాను నేర్చిన వర్ణమాలనే నమ్ముకొని వెదకును. సంఖ్యల నాతడేల నేర్వవలెను? కావున పట్టిక తయారుచేయువారు అది యే లొకేలులో పేర్చబడెనో పైన నొక పంక్తి వ్రాయుట మంచిదని మా యభిప్రాయము.

అంకెల చిక్కు వేఱు. '10వ పాఠము' '2వ పాఠము'నకు ముందు వచ్చుట ఒకటి రెండుకంటె చిన్నదగుటచేతనే. సార్ట్‌కు 'ఎన్' గుర్తు చేర్చిన నది తీఱును. లొకేలు విషయమున ఎల్‌సీ_ఆల్ అనునది తక్కినవాని నన్నిటిని త్రోసివేయును. అది లేనిచో ఎల్‌సీ_కొలేట్, అదియు లేనిచో లాంగ్ చెల్లును. 'లొకేల్' అని కమాండు వ్రాసినచో ఈ మూడును తెరపై కనబడును.